మా అమ్మాయికి క్రెమోనాలో వయొలిన్ కొనొచ్చా? అక్కడి వర్క్‌షాపులు ఎలా చూడాలి?

విజయవాడ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మాయికి పదహారేళ్లు, చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. ఆ తల్లి తమ్ముడు మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి మే నెలలో ఇటలీ వెళ్తున్నారు. "వయొలిన్‌కు పుట్టిల్లు క్రెమోనా అంటారు కదా, ఒక రోజు అక్కడికి వెళ్లి పాపకు మంచిది కొందామనుకుంటున్నాం. వర్క్‌షాపుల్లోకి రానిస్తారా? అసలుదేదో నకిలీదేదో ఎలా తెలుస్తుంది? మా మామగారి పాత ఫిడేలు లోపల స్ట్రాడివేరియస్ 1721 అని చీటీ ఉంది. దాన్ని కూడా పట్టుకెళ్లి చూపించాలా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను.

క్రెమోనా తప్పకుండా వెళ్లండి, వర్క్‌షాపులు చూడండి. కానీ పొద్దున వెళ్లి సాయంత్రం రైలుకి వయొలిన్ పట్టుకుని రావద్దు. అక్కడ మంచి వయొలిన్ అంటే ఒక మనిషి నెలల తరబడి కూర్చుని చేసిన వస్తువు. పాప దాన్ని తన శ్రుతిలో, తను కూర్చునే పద్ధతిలో వాయించి చూడాలి. ఒకటికి నాలుగు పోల్చుకోవాలి. ఆ తర్వాతే డబ్బు సంగతి. ఈ ప్రయాణాన్ని చూడటానికి, వినడానికి, ఒకరిద్దరు మేకర్లతో పరిచయం చేసుకోవడానికి వాడుకోండి. పాప ఇప్పుడు వాయించే వయొలిన్‌ను వెంట తీసుకెళ్లండి. మామగారి ఫిడేలును మాత్రం ఇంట్లోనే ఉంచండి, దాని సంగతి చివర్లో చెప్తాను.

నేను వయొలిన్లు, వీణలు రిపేరు చేసే పనిలో ఉన్నాను. కొంతకాలం క్రెమోనాలో ఒక మేకర్ దగ్గర ఉండి పని నేర్చుకున్నాను, ఇప్పటికీ వీలైనప్పుడల్లా వెళ్లొస్తుంటాను. నా దగ్గరకొచ్చే వాయిద్యాల్లో ఎక్కువ భాగం కర్ణాటక సంగీతం వాయించేవాళ్లవే. కాబట్టి కింద చెప్పేదంతా ఆ కోణం నుంచే.

ముందు ఆ ఊరి గురించి కొంచెం తెలుసుకోండి, లేకపోతే మాటలకు పడిపోతారు.

క్రెమోనా ఇటలీ ఉత్తరాన, పో నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. మిలాన్ నుంచి రైల్లో గంట, గంటంపావు. 16వ శతాబ్దంలో ఆంద్రేయా అమాతి అక్కడ వయొలిన్‌కు మనం ఇప్పుడు చూస్తున్న రూపం ఇచ్చాడు. 1630లో ప్లేగు వచ్చి ఊరిని ఊడ్చేసింది. అప్పటిదాకా అమాతి కుటుంబం పనిని ఇంటి గడప దాటనివ్వలేదు. ప్లేగు తర్వాత మనవడు నికోలో అమాతి బయటి కుర్రాళ్లను శిష్యులుగా చేర్చుకోక తప్పలేదు. వాళ్లలో ఒకడు ఆంద్రేయా గ్వర్నేరి, అతని మనవడే ప్రఖ్యాతుడైన గ్వర్నేరి దెల్ జెసూ. అంతోనియో స్ట్రాడివారి (మీ చీటీ మీది స్ట్రాడివేరియస్ ఈ పేరుకే లాటిన్ రూపం) కూడా ఆ చుట్టుపక్కల పెరిగినవాడే. తొంభై ఏళ్లు దాటాక కూడా పని మానలేదు, 1737లో పోయాడు. వెయ్యికి పైగా వాయిద్యాలు చేశాడు, సుమారు 650 నేటికీ మిగిలాయి.

ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఉంది. స్ట్రాడివారి పోయిన కొద్ది దశాబ్దాల్లోనే క్రెమోనాలో ఈ విద్య సన్నగిల్లింది. 19వ శతాబ్దం వచ్చేసరికి ఒకటీ అరా కుటుంబాలు తప్ప ఎవరూ లేరు. స్ట్రాడివారి అచ్చులు, పనిముట్లు, కాగితపు నమూనాలను కొడుకు పావొలో కౌంట్ కొజియో అనే సేకర్తకు అమ్మేశాడు. అవి చేతులు మారి మారి చివరికి జుసెప్పె ఫియొరీని అనే వయొలిన్ మేకర్‌కు చేరాయి. ఆయన 1930లో వాటిని క్రెమోనా ఊరికి దానం చేశాడు. 1937లో స్ట్రాడివారి రెండు వందల ఏళ్ల వర్ధంతి ఘనంగా జరిపి, మరుసటి ఏడాది 1938లో వయొలిన్ తయారీ పాఠశాల పెట్టారు. ఇప్పుడు మీరు అక్కడ చూసే నూట యాభైకి పైగా వర్క్‌షాపులన్నీ ఆ పాఠశాల తర్వాత పుట్టినవే. జో బత్తా మొరాస్సి, ఫ్రాంచెస్కో బిస్సొలొత్తి లాంటి పెద్దలు ఒక తరాన్ని తయారు చేశారు. ఇప్పుడు కొరియా, జపాన్, చైనా, జర్మనీ నుంచి వచ్చి చదువుకుని అక్కడే స్థిరపడ్డ మేకర్లు ఎందరో ఉన్నారు.

అందుకని ఎవరైనా "మాది మూడు వందల ఏళ్ల వంశ రహస్యం" అంటే ఆ కొట్టు నుంచి బయటికి వచ్చేయండి. మధ్యలో తెగిపోయిన విద్యను పట్టుదలతో మళ్లీ నిలబెట్టుకున్న ఊరు అది. నాకు ఆ ఊరంటే గౌరవం ఉన్నది కూడా అందుకే. అలాగే, చేసిన మనిషి మొహం కొరియన్‌దైతే "ఇది అసలు క్రెమోనాది కాదేమో" అని అనుమానపడకండి. అక్కడ చదువుకుని, అక్కడ కూర్చుని, తన చేత్తో చేస్తే అది క్రెమోనా పనే.

వర్క్‌షాపుల్లోకి రానిస్తారా?

రానిస్తారు. కానీ తోసుకుని వెళ్లకూడదు. అక్కడ వర్క్‌షాపును బొత్తేగా అంటారు, మేకర్‌ను లియుతాయో అంటారు. చాలా బొత్తేగాలు వీధి వైపు అద్దాల తలుపున్న ఒకటే గది. ఒక మనిషి, ఒక బల్ల, కిటికీ దగ్గర వేలాడే, ఇంకా వార్నిష్ వేయని తెల్ల వయొలిన్లు. వారం పది రోజుల ముందే మెయిల్ రాయండి: ఎవరు మీరు, ఎప్పుడు వస్తున్నారు, పాప ఏం వాయిస్తుంది. దక్షిణ భారత పద్ధతిలో వాయిస్తుందని రాస్తే చాలామంది ఆసక్తిగా పిలుస్తారు, నేల మీద కూర్చుని వాయించడం చూడాలనుకుంటారు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు, మూడున్నర దాకా చాలా చోట్ల తలుపులు మూసి ఉంటాయి. ఆగస్టులో ఊరు ఊరంతా సెలవులో ఉంటుంది. మీరు మేలో వెళ్తున్నారు, మంచి సమయం.

బల్ల మీద ఉన్నవి అడగకుండా ముట్టుకోవద్దు. ముఖ్యంగా వార్నిష్ ఆరుతున్న వయొలిన్. వేలిముద్ర పడితే రోజుల పని పోతుంది.

లోపలికి వెళ్లాక ఏం చూడాలో చెప్తాను. మన బొబ్బిలిలో ఏకాండి వీణను ఒకే పనస మొద్దులోంచి తొలుస్తారు. వయొలిన్ దానికి పూర్తిగా భిన్నం, 70కి పైగా చెక్క ముక్కలు కలిపి కడతారు. ముందు పలకకు ఆల్ప్స్ కొండల స్ప్రూస్ (పైన్ జాతి చెట్టు చెక్క), ముఖ్యంగా వాల్ ది ఫియెమ్మే లోయ నుంచి వచ్చేది. వెనక పలకకు, పక్కలకు, తలకు మేపుల్, ఎక్కువగా బోస్నియా వైపు నుంచి తెస్తారు. ఆ చెక్కను ఏళ్ల తరబడి ఆరబెట్టిన తర్వాతే ముట్టుకుంటారు. కొందరి దగ్గర వాళ్ల గురువు కొని పెట్టిన చెక్క ఇంకా అటక మీద ఉంటుంది, దాన్ని చూపించేటప్పుడు వాళ్ల మొహం వెలిగిపోతుంది.

పక్కల చెక్క మందం మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. దాన్ని తడిపి, వేడి ఇనుము మీద వంచి, లోపల పెట్టిన చెక్క అచ్చు చుట్టూ అతికిస్తారు. ఈ లోపలి అచ్చు పద్ధతే క్రెమోనా పనికి గుర్తు. స్ట్రాడివారి వాడిన అచ్చులు అక్కడి వయొలిన్ మ్యూజియంలో చూడొచ్చు. ముందు వెనక పలకలను మొదట గుండ్రటి మొన ఉలితో, తర్వాత వేలి కొసంత ఇత్తడి తోపడాలతో, చివరికి పలచని ఉక్కు రేకుతో గీకి గీకి పలచన చేస్తారు. ముందు పలక చాలా చోట్ల మూడు మిల్లీమీటర్ల లోపే. చేత్తో వంచి చూస్తారు, వేలితో తట్టి వింటారు, మళ్లీ గీకుతారు. ఆ దశలో ఎవరూ మాట్లాడరు, మీరూ మాట్లాడించకండి.

వీలైతే పర్ఫ్లింగ్ వేయడం చూపించమని అడగండి. వయొలిన్ అంచు వెంబడి కనిపించే సన్నటి నల్లగీత అది. దూరం నుంచి అలంకారంలా ఉంటుంది. అంచు నుంచి సుమారు నాలుగు మిల్లీమీటర్లు లోపలికి, ఒకటింబావు మిల్లీమీటరు వెడల్పున, చాకుతో రెండు గీతలు కోసి మధ్యలో చెక్కను సన్నటి పరికరంతో తవ్వి తీస్తారు. స్ప్రూస్ పలకలో మెత్తటి పొర, గట్టి పొర ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి కాబట్టి చాకు అడుగడుగునా పక్కకు లాగుతుంది. ఆ కాలవలోకి నలుపు, తెలుపు, నలుపు పొరలున్న సన్నటి చెక్క పట్టీని వేడి మీద వంచి, జిగురు పెట్టి దించుతారు. మూలల దగ్గర రెండు పట్టీలు కలిసే చోట, నల్ల మొన ఒకటి తేనెటీగ ముల్లులా సన్నగా ముందుకు సాగాలి. ఆ మొనను చూసి ఇది ఎవరి పనో చెప్పే మనుషులు అక్కడ ఉన్నారు. అంచుకు దెబ్బ తగిలి పగిలితే పగులు లోపలికి పాకకుండా ఈ పట్టీ అడ్డుకుంటుంది, అందుకే ఇంత శ్రమ. చౌక రకం వయొలిన్ల మీద ఇది సిరాతో గీసిన గీత మాత్రమే. గోరుతో తడిమితే తెలిసిపోతుంది.

ఇలా చేస్తే ఒక మనిషి ఏడాదికి మూడు నుంచి ఆరు వాయిద్యాలకు మించి చేయలేడు. 2012లో యునెస్కో ఈ విద్యను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు చెప్పిన లెక్క కూడా అదే. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే మీ రెండో ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

అసలుదేదో నకిలీదేదో

ఒకే మేకర్ పేరుతో, ఒకే రకం వయొలిన్లు పది పదిహేను వరసగా వేలాడుతుంటే ఆగి ఆలోచించండి. బయటి దేశాల్లో ఫ్యాక్టరీలో చేసిన తెల్ల వయొలిన్లను తెప్పించి, వార్నిష్ పూసి, లోపల క్రెమోనా అని చీటీ అతికించి అమ్మే వ్యాపారం ఉంది. నిజాయితీగా పనిచేసే మేకర్లకు అదే పెద్ద బాధ. డాలస్‌లో ఉండే ఒక కుటుంబం ఆన్‌లైన్‌లో కొన్న వయొలిన్ ఒకటి నా బల్ల మీదకు వచ్చింది. చీటీ మీద క్రెమోనా అని పెద్దక్షరాలు, మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. చిన్న అద్దం, లైటు లోపలికి పెట్టి చూస్తే పలక లోపలి వైపు మెషిన్ కట్టర్ తిరిగిన చారలు అలాగే ఉన్నాయి. వాయించడానికి ఫర్వాలేదు. వాళ్లు పెట్టిన ధరకు మాత్రం కాదు.

ఊరి పేరు చూడకండి, చేసిన మనిషి పేరు చూడండి. ఈ సమాధానంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. మేకర్ ఎదురుగా ఉంటే ఇలా అడగండి: దీన్ని మొదటి నుంచి చివరిదాకా మీరే చేశారా? చేస్తున్నప్పుడు తీసిన ఫొటోలు ఉన్నాయా? చెక్క ఎక్కడిది? ఇప్పుడు బల్ల మీద ఏ వాయిద్యం ఏ దశలో ఉంది? చేసినవాడు ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు, సగం చెక్కిన తల తీసి చేతిలో పెడతాడు. అమ్మేవాడు మాత్రమే అయితే విసుక్కుంటాడు. కొన్నప్పుడు మేకర్ సంతకంతో, ముందు, వెనక, పక్క, తల ఫొటోలతో సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకుండా డబ్బు కట్టవద్దు.

ధర విషయం. పాఠశాల నుంచి బయటికి వచ్చి కొత్తగా పెట్టుకున్న యువ మేకర్ల దగ్గర పది వేల యూరోల లోపు కూడా దొరుకుతాయి. స్థిరపడిన వాళ్ల దగ్గర పది నుంచి పాతిక వేల యూరోలు మామూలు, పెద్ద పేరున్నవాళ్లు ఇంకా ఎక్కువ. "అసలు క్రెమోనా చేతిపని, రెండు వేల యూరోలు" అని ఎవరైనా అంటే లెక్క కట్టి చూడండి. నెలల పని, ఊరి మధ్య గది అద్దె, పన్నులు, చెక్క ఖర్చు. ఆ ధరకు ఆ మనిషి బతకలేడు. కాబట్టి అది అతను చేసింది కాదు.

కొత్త వయొలిన్ అంటే తక్కువదేమో అనే అనుమానం మన ఇళ్లలో చాలా ఉంటుంది. అక్కర్లేదు. 2012లో పారిస్‌లో పదిమంది పేరున్న సోలో కళాకారులకు కళ్లు సరిగా కనపడకుండా అద్దాలు పెట్టి, ఆరు పాత ఇటాలియన్ వయొలిన్లు, ఆరు కొత్తవి ఇచ్చి వాయించమన్నారు. పాతవాటిలో స్ట్రాడివారివి కూడా ఉన్నాయి. పదిమందిలో ఆరుగురు కొత్తవాటినే ఎంచుకున్నారు. ఏది పాతదో ఏది కొత్తదో వాళ్లు నిలకడగా చెప్పలేకపోయారు.

ఇక మనకు ప్రత్యేకంగా వర్తించే సంగతి. దీన్ని అక్కడ ఎవరూ మీకు చెప్పరు.

క్రెమోనా మేకర్ వయొలిన్‌ను పాశ్చాత్య శ్రుతికి చేస్తాడు: జి, డి, ఎ, ఇ. మనం స–ప–స–ప చేస్తాం. పాప రెండున్నర శ్రుతిలో వాయిస్తుందనుకుందాం. అప్పుడు సన్న తీగలు రెండూ వాటి మామూలు స్థానం నుంచి ఆరు స్వరస్థానాలు కిందికి దిగుతాయి, లావు తీగలు రెండూ నాలుగు స్వరస్థానాలు దిగుతాయి. తీగ మారకుండా శ్రుతి ఆరు స్థానాలు దిగితే దాని బిగువు సరిగ్గా సగం అవుతుంది. అంటే పలక మీద బ్రిడ్జి, అంటే తీగలను ఎత్తి పట్టే నిలువు చెక్క ముక్క, నొక్కే బలం బాగా తగ్గుతుంది. మేకర్ చేతిలో గంటలా మోగిన వయొలిన్ మన శ్రుతికి దించగానే గొంతు పూడుకుపోయినట్టు అనిపించడానికి కారణం ఇదే. వాయిద్యంలో లోపం లేదు, దాన్ని కట్టిన లెక్క వేరు.

అందుకే కొట్లోనే స–ప–స–ప చేసి, నేల మీద కూర్చుని, వయొలిన్ తల పాదం మీద ఆనించి వాయించి చూడాలి. మేకర్‌కు ముందే మెయిల్‌లో మీ నాలుగు తీగల శ్రుతి రాసి పంపండి. తీగలు కాస్త లావువి వేసి సిద్ధంగా ఉంచగలడు. సౌండ్ పోస్ట్‌ను, అంటే లోపల రెండు పలకల మధ్య నిలబెట్టే సన్నటి స్ప్రూస్ కర్రను, కొంచెం జరిపితే కూడా చాలా తేడా వస్తుంది. అర మిల్లీమీటరు జరిపినా వాయించేవాళ్లకు తెలుస్తుంది.

ఇంకోటి తీగల ఎత్తు. జారు గమకాలు వాయించే వేలికి తీగ మరీ ఎత్తుగా ఉంటే అలిసిపోతుంది. మరీ కిందికి దించితే వదులు తీగ విశాలంగా ఊగి, తీగల కింద వేళ్లు నొక్కే పలక అయిన ఫింగర్ బోర్డ్‌కు తగిలి గరగరమంటుంది. ఈ రెండింటి మధ్య చోటు మన వాయిద్యాల్లో పాశ్చాత్య వయొలిన్ కన్నా ఇరుకు. మంచి మేకర్ పాప వాయించడం పది నిమిషాలు చూస్తే అర్థం చేసుకుంటాడు. ఒకసారి నా గురువు బల్ల దగ్గర మన వైపు నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు తోడి రాగం కాస్త వాయించాడు. ఆయన అప్పటిదాకా చెక్కిన బ్రిడ్జి పక్కన పెట్టి, ఆ అబ్బాయి ఎడమచెయ్యి గాంధారం మీద ఎలా ఊగుతోందో మళ్లీ చూపించమని అడిగి, ఇంకో బ్రిడ్జి మొదలుపెట్టాడు.

ఈ వాయిద్యం మనకు అలాగే వచ్చింది కదా. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకుని మన సంగీతానికి మలిచాడు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు దాన్ని పక్కవాద్యం స్థాయి నుంచి కచేరీ వాద్యం చేశారు. కర్ర అక్కడిది, నాదాన్ని మనం మార్చుకున్నాం. ఆ మార్పుకు తగ్గట్టు వాయిద్యాన్ని సర్దుకోవడం మీ బాధ్యత అవుతుంది.

అందుకే పాప ఇప్పటి వయొలిన్‌ను తీసుకెళ్లమన్నాను. కొత్తది కొనే ముందు దానికి మంచి బ్రిడ్జి, సౌండ్ పోస్ట్ సర్దుబాటు, సాఫీగా తిరిగే బిరడలు, సరైన తీగలు వేయించండి. అక్కడైనా సరే, ఇక్కడ మంచి పనివాళ్ల దగ్గరైనా సరే. రాజమండ్రి నుంచి ఒకాయన "కూతురికి కొత్త వయొలిన్ కావాలి, ఇది పలకడం లేదు" అని వచ్చారు. సౌండ్ పోస్ట్ పొట్టిగా ఉండి, వంకరగా నిలబడి ఉంది. కొత్తది కోసి నిలబెట్టాను, బ్రిడ్జి మార్చాను. ఆ అమ్మాయి ఇంకా అదే వాయిస్తోంది, పోటీల్లో కూడా. మీ దగ్గర నిజంగా పెద్ద బడ్జెట్ ఉంటే అందులో కొంత మంచి కమానుకు ఉంచండి. పిల్లల దగ్గర వయొలిన్ కన్నా కమానే ఎక్కువ బలహీనంగా ఉండటం నేను రోజూ చూస్తున్నాను. పెర్నాంబుకో చెక్క కమాను కొంటే మాత్రం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఉన్న చెక్క అది, కాగితాల గురించి అమ్మేవాళ్లను ముందే అడగండి.

మన వాతావరణం

ఈ వయొలిన్లను జంతు చర్మం నుంచి తీసిన జిగురుతో అతికిస్తారు. వేడికి, తేమకు అది మెత్తబడుతుంది. కావాలనే అలా చేస్తారు. చెక్క ఉబ్బినప్పుడు అతుకు విడిపోవాలి, పలక పగలకూడదు. అతుకును మళ్లీ అతికించొచ్చు, పలక పగిలితే పెద్ద ఆపరేషన్. మీ విజయవాడ ఎండ, కృష్ణా తీరం ఉక్కపోత, ఆ పైన ఏసీ గది. ఈ మూడింటి మధ్య కొత్త క్రెమోనా వయొలిన్ మొదటి ఏడాది ఎక్కడో ఒకచోట అతుకు వదలడం ఖాయం అనుకోండి. ఒక కుటుంబం ఏడాదికి పైగా ఎదురుచూసి చేయించుకున్న వయొలిన్ హైదరాబాద్ ఏప్రిల్‌లో కింది అంచు దగ్గర నోరు తెరిచింది. రాత్రి పదకొండుకి ఫోన్, ఇంటిల్లిపాదికీ టెన్షన్. పొద్దున తెచ్చారు, జిగురు పెట్టి క్లాంపులు బిగించాను, మర్నాటికి మామూలే. అలాంటప్పుడు దయచేసి ఫెవికాల్, ఫెవిక్విక్ ముట్టుకోవద్దు. దాన్ని ఊడదీయడానికి పట్టే శ్రమ చెప్పలేను, కొన్నిసార్లు చెక్క కూడా లేచి వస్తుంది.

కారు డిక్కీలో వదలొద్దు. ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టొద్దు. కేసులో చిన్న తేమ మీటర్ ఒకటి వేసుకోండి. కొత్త ఆయిల్ వార్నిష్ చాలాకాలం మెత్తగానే ఉంటుంది. చెమట పట్టిన ఛాతీకి, పాదానికి ఆనే చోట మెత్తటి నూలు గుడ్డ వేసుకోవడం పాపకు అలవాటు చేయండి.

ఊళ్లో ఏం చూడాలి

వయొలిన్ మ్యూజియం 2013లో తెరిచారు. దానికి కనీసం సగం రోజు ఇవ్వండి. 1715 నాటి స్ట్రాడివారి వయొలిన్ "ఇల్ క్రెమొనేసె" అక్కడే ఉంది. అక్కడి చారిత్రక వాయిద్యాలను అప్పుడప్పుడు కళాకారులు ప్రేక్షకుల ముందు వాయిస్తారు. మీ తేదీల్లో అలాంటి కార్యక్రమం ఉందేమో చూసి ముందే టికెట్ తీసుకోండి. 2019 మొదట్లో ఆ వాయిద్యాల నాదాన్ని స్వరం స్వరం రికార్డు చేసి దాచుకోవడానికి వారాల తరబడి మ్యూజియం చుట్టుపక్కల వీధుల్లో వాహనాలు ఆపేసి, చప్పుడు చేయొద్దని మేయరే ఊరివాళ్లను కోరాడు. ఆ హాల్లో పాప ఒక గంట కూర్చుని వింటే చాలు, తన వయొలిన్ నుంచి ఏం కోరుకోవాలో తనకే ఒక అంచనా వస్తుంది. కొనడం కన్నా అది ముందు కావాలి.

సెప్టెంబర్ చివర్లో అక్కడ పెద్ద వాయిద్యాల ప్రదర్శన జరుగుతుంది, ఎందరో మేకర్లు ఒకేచోట దొరుకుతారు. నిజంగా కొనాలని నిర్ణయించుకుంటే రెండో ప్రయాణం అప్పుడు పెట్టుకోండి.

ప్రయాణం, కాగితాలు

ఇక్కడి నుంచి వయొలిన్ తీసుకెళ్తున్నారు కాబట్టి బయల్దేరేటప్పుడే ఎయిర్‌పోర్టు కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు "కొత్తది కొన్నారా" అని ఆపితే వాదించాల్సి వస్తుంది. లగేజీలో వేయొద్దు, చేతిలోనే పట్టుకెళ్లండి, ఎయిర్‌లైన్‌కు ముందే చెప్పండి. తీగలు కొంచెం వదులు చేయండి, పూర్తిగా తీసేయొద్దు. బిగువు మొత్తం పోతే లోపల సౌండ్ పోస్ట్ పడిపోతుంది. ఎప్పుడైనా అక్కడ కొంటే ఇటలీ అమ్మకపు పన్ను 22 శాతం. బయటి దేశాల వాళ్లకు అందులో కొంత వెనక్కి వచ్చే వీలుంది కానీ మీ మేకర్ ఆ పద్ధతిలో అమ్ముతాడో లేదో ముందే అడగాలి, యూరప్ వదిలే ఎయిర్‌పోర్టులో ముద్ర వేయించుకోవాలి. మన వైపు కస్టమ్స్ సుంకం సంగతి కూడా లెక్కలో వేసుకోండి.

ఇక మామగారి ఫిడేలు

లోపల "అంతోనియస్ స్ట్రాడివేరియస్ క్రెమోనెన్సిస్" అని, చివర 1721 అని ఉంది కదా. ఇలాంటి చీటీలున్న ఫిడేళ్లు ఆంధ్రాలో, తెలంగాణలో ఎన్నో ఇళ్ల అటకల మీద ఉన్నాయి. 19వ శతాబ్దం నుంచి జర్మనీలోని మార్క్‌న్యూకిర్ఖెన్, ఫ్రాన్స్‌లోని మిర్కూర్ లాంటి చోట్ల వయొలిన్లు వేల మీద వేలు తయారయ్యాయి. ఫలానా మాదిరిలో చేశాం అని చెప్పడానికి ఆ చీటీలు అచ్చేసి అతికించారు. అప్పట్లో కొనేవాళ్లకు ఆ సంగతి తెలుసు. తరాలు మారాక మనకు తెలియకుండా పోయింది. చీటీ అడుగున చిన్న అక్షరాల్లో "మేడ్ ఇన్ జర్మనీ" అని ఉంటే అది దాదాపుగా 1890ల తర్వాతిది, దేశం పేరు వేయాలని అమెరికా దిగుమతి చట్టం తెచ్చిన కాలం. "చెకొస్లొవేకియా" అని ఉంటే 1918 తర్వాతిది, అంతకుముందు ఆ దేశమే లేదు.

దాన్ని ఇటలీ మోసుకెళ్తే దారిలో దెబ్బ తినడం తప్ప ఒరిగేది ఉండదు. అలాగని పారేయొద్దు, అమ్మేయొద్దు. ఆ కాలపు జర్మన్ ఫిడేళ్లలో కొన్ని మన శ్రుతికి చాలా బాగా పలుకుతాయి. చెక్క బాగా ఆరి ఉంటుంది, దశాబ్దాలుగా మన వాతావరణానికి అలవాటు పడి ఉంటుంది. మంచి పని చేసిందైతే, రిపేరు చేయిస్తే పాప కచేరీకి అదే సరిపోయినా ఆశ్చర్యం లేదు.

ఫోన్ లైటు పెట్టి ముందు రంధ్రాల్లోంచి లోపలికి చూడండి. నడుము దగ్గర నాలుగు మూలల్లో చెక్క దిమ్మలు ఉన్నాయా? ముందు పలక లోపల నిలువుగా ఉన్న బాస్ బార్ వేరే ముక్కగా అతికించారా, లేక పలకలోంచే చెక్కి వదిలేశారా? అంచు గీత చెక్క పట్టీయేనా, సిరాతో గీసిందా? దిమ్మలు ఉండి, బార్ వేరుగా ఉండి, పట్టీ నిజమైనదైతే అది ఖర్చు పెట్టదగ్గ వాయిద్యం. ముందు, వెనక, పక్క, తల, చీటీ ఫొటోలు పగటి వెలుతురులో తీసి పంపండి, ఎక్కడైనా పగుళ్లు ఉంటే వాటివి దగ్గరగా తీయండి. చూసి ఏ పని చేయించాలో, సుమారు ఎంత అవుతుందో చెప్తాను.